అక్షరానికి పాతిక

కలెక్టరాఫీసు నుంచి పదకొండు పేజీల ఉత్తరువు దిగింది.
దాన్ని కందుకూరు గోడల మీదకి ఎక్కించేది నేను,
బోర్డులు రాసే ఏసురత్నాన్ని.
నలభై రోజులకి కుంచె బిగుసుకుపోయి పుల్లయింది.
కిరసనాయిల్లో నానేసి, వేళ్ళతో నలిపి
మెత్తబడ్డాక పొయ్యా.

ఊరిని ఒక్కసారే తెరిస్తే తప్పంట.
కమిషనర్ సారు చదువుతా ఉంటే నేను రాసుకున్నా:
ముందు మందులు, పాలు, కూరగాయలు,
తర్వాత ఎరువులు, ఇనుము, సిమెంటు,
ఆ తర్వాత గుడ్డలు.
మంగలి షాపు ఇంకా తర్వాత.
బడి, సినిమా హాలు అన్నిటికంటే ఆఖర.
పెళ్ళికి యాభై మంది, చావుకి ఇరవై.

రాసేవాణ్ణే గానీ అడిగేవాణ్ణి కాదు నేను.
అయినా కాగితమంతా రెండుసార్లు వెతికా.
బోర్డులు రాసేవాళ్ళది ఎన్నో దశో యాడా లేదు.
గుమాస్తా నాగూర్‌మీరా ఆఖరి పేజీలో
'ఇతరములు' అన్న మాట మీద వేలు పెట్టి
నువ్వు ఇక్కడుంటావులే అన్నాడు.

పామూరు రోడ్డులో
ఎడమ పక్క సోమ, బుధ, శుక్ర.
కుడి పక్క మంగళ, గురు, శని.
ఎడమంటే ఎవురికి ఎడమ సార్,
బస్టాండు నుంచి వచ్చేవాడికా, పామూరు నుంచి వచ్చేవాడికా?
సారు రోడ్డు నడిమధ్యన నిలబడి
ఒకసారి ఇటు తిరిగాడు, ఒకసారి అటు తిరిగాడు.
ఆ పూట రోడ్డు మీద తిరిగింది ఆయనొక్కడే.

మూల మీది మస్తాన్ వాచీల కొట్టుకి రెండు వాకిళ్ళు,
ఒకటి ఎడమకి, ఒకటి కుడికి.
అయితే రోజూ తెరవచ్చు గదన్నా అన్నాడు మస్తాన్.
అయితే రోజూ మూసెయ్యాల అన్నాడు ఎస్సై.
అద్దం వెనక గడియారాలు
ఒక్కోటి ఒక్కో టైముకి ఆగి ఉండాయి.

ఆరెంజి జోను బోర్డుకి రంగు డబ్బా లేదు.
ఉన్న ఎరుపులోనే పసుపు పోసి కలిపా.
ఎంత పోసినా అడుగు నుంచి ఎరుపు పైకి తేలతానే ఉంది.
ఇరవై ఎనిమిది రోజులు కొత్త కేసు లేకపోతే ఆకుపచ్చంట.
ఇరవయ్యారో రోజు రాత్రి
గానుగల వీధిలో ఒకాయన దగ్గాడు.
తెల్లారి మళ్ళీ ఒకటి నుంచి లెక్క.
ఆకుపచ్చ డబ్బా మూత నేనింకా తియ్యనే లేదు.

బియ్యం డిపో ముందర
మీటరుకొకటి సున్నంతో గుండ్రాలు గీశా.
పోలమ్మవ్వ తన గుండ్రంలో చెప్పులు విడిచి
నీడకి పొయ్యి కూచుంది.
ఆమెని చూసి అందురూ.
ఎండలో చెప్పులు, ఎడం పాటిస్తా, జతలు జతలుగా.
మనుషులేమో వేపచెట్టు కింద
ఒకరి భుజానికొకరు ఆనుకొని
సర్కారుని తిట్టుకుంటా.

గుడ్డల షాపులు తెరిచిన వారానికి ఫోనొచ్చింది.
అన్నీ మూశాక నాకొచ్చిన మొదటి సొంత పని.
నిచ్చెన భుజానేసుకొని పొయ్యా.
'చిట్టేటి మాల్యాద్రి అండ్ బ్రదర్స్, క్లాత్ మర్చంట్స్.'
పదహారేళ్ళ కింద నేనే రాసిన బోర్డు,
ప్రతి అక్షరానికీ నీలం నీడ తీసి.
ఉండేది ఒక్క తమ్ముడే గదా, బ్రదర్స్ ఏందన్నా
అని అప్పుడు నేను నవ్వితే
వాడొక్కడే నలుగురి పెట్టురా అన్నాడు.

ఇప్పుడు మాల్యాద్రి గల్లా కాడ కూచోని ఉండాడు.
మాస్కు అంచుల్లోంచి తెల్లగడ్డం.
పైకి చూడకుండానే అన్నాడు,
ఆ అండ్ బ్రదర్స్ తీసెయ్ రత్నం.

రాసేదానికి అక్షరానికి పాతిక.
చెరిపేదానికి నా దగ్గర రేటు లేదు.
నిచ్చెన మీద నిలబడి
శుభ్రంగా ఉన్న కుంచెనే మళ్ళీ తుడుస్తా ఉండా.
కింద ఎడమ పక్క షాపులన్నీ తెరిచి ఉండాయి.
సోమవారం.