ఎనిమిదిన్నర లెక్క

పొద్దున్న ఎనిమిదిన్నరకి
కొలగ్లాసు కంటికి ఎదురుగా పట్టుకుని
నీరు నడుమ ఎక్కడ కుంగిందో అక్కడ చదవాలి,
అంచుల దగ్గర కాదు.
గాజు పట్టుకుని పైకి పాకే నీరు
ఎప్పుడూ కాస్త ఎక్కువే చెబుతుంది.
మురమళ్లలో ఇరవై తొమ్మిదేళ్లుగా నా పని ఇదే.
మిగతా రోజంతా మండలాఫీసులో
కాగితాలకి కన్నాలు పొడవడం.

ఈ మే నెలలో నజీమా అని ఒకమ్మాయి వచ్చింది.
బడి డాబా మీద చినుకు లావు కొలిచే యంత్రం బిగించి,
నా వానడబ్బా చుట్టూ మొలిచిన తుంగ తనే పీకి
చెప్పింది:
"పైన ఉపగ్రహం తిరుగుతుందక్కా.
అది చెప్పేది నిజమో కాదో చూడ్డానికి
మధురపూడి నుంచి మా విమానం లేస్తుంది.
విమానం చెప్పేది నిజమో కాదో..."
ఆగి, నా డబ్బా వైపు చూసింది.
అప్పుడే అందులోంచి నేను
ఒక కప్పపిల్లని బయటికి తీస్తున్నాను.

దాళ్వా వడ్లు ఎండుతున్న రోజులు.
రోడ్డు సగం ధాన్యానికి, సగం బస్సుకి.
మూడింటికి వాయవ్యం మూల నల్లబడింది.
బరకాలు లాగండ్రోయ్ అని బుల్లిసత్తెయ్య కేక.
లంకలో పేరయ్య బాతుల్ని అదిలించుకుంటూ పరుగు.
గాలి ముందొచ్చింది,
పచ్చి మట్టి వాసన దాని వెనక,
ఆ తర్వాత ఒక్కసారిగా అంతా.

సరిగ్గా అప్పుడే విమానం మా నెత్తిమీదుందట.
ఎవరికి వినబడింది?
ఇరవై కిలోమీటర్ల ఎత్తున ఒక్కడే మనిషి,
తలకి గాజుబుర్ర, గొట్టంలోంచి తిండి.
అక్కడ పట్టపగలే ఆకాశం కాటుక రంగు.
మా ఉరుము అతని కాళ్ల కింద
కమ్మరి దాగలిలా సాగి పరుచుకుని,
అంచుల్లో ఆత్రేయపురం పూతరేకంత పల్చగా
మంచై మెరిసిందట.
నజీమా ఫొటోలు చూపిస్తే నమ్మలేకపోయాను.
మాకు ఎప్పుడూ దాని అడుగే తెలుసు,
మాడిన గిన్నె అడుగు.

ఆ సాయంత్రం పిడుగుకి
ఒక కొబ్బరిచెట్టు మొవ్వు కాలింది.
పేరయ్య బాతుల్ని లెక్కపెట్టాడు.
మళ్లీ లెక్కపెట్టాడు.

మర్నాడు లెక్కలొచ్చాయి.
ఉపగ్రహం అరవై మూడు మిల్లీమీటర్లంది.
విమానం యాభై అంది.
నాది నలభై ఒకటి పాయింటు ఆరు.
నేనే తప్పు చదివానేమో అన్నాను.
"కాదక్కా, నీదే ఆధారం," అంది నజీమా,
"మిగతా రెండూ నీకు సర్దుకుంటాయి."

ఆ మాట గొంతుకి అడ్డం పడింది.

తుపాను ఏడాది వానడబ్బా కొట్టుకుపోయింది.
బడి అటక మీద పద్దెనిమిది మందిమి, ఒక చూడి మేక.
చేతి వాచీ ఆగిపోయింది.
ఎనిమిదిన్నర ఎప్పుడు వచ్చిందో, ఎప్పుడు పోయిందో.
నాలుగో రోజు జీపులో వచ్చినాయన
గడి ఖాళీగా ఉండకూడదన్నాడు.
రెండు వందల పన్నెండు అన్నాను.
మా రేషన్ కార్డు చివరి మూడంకెలు.
ఆయన తలెత్తకుండా రాసుకున్నాడు.

ఇప్పుడది ఎక్కడుందో.
ఏ సగటులో కరిగిందో,
ఏ యంత్రానికి ఓనమాలు దిద్దించిందో.

నజీమాకి చెప్పేశాను.
చాలాసేపు ఏమీ అనలేదు.
తర్వాత బడి గోడ మీద పాత నీటిచార దగ్గరికెళ్లి
జేన వేసి చూసింది.
"మరి నిజంగా ఎంత కురిసుంటుంది?"
"అది వాన కాదమ్మా," అన్నాను,
"ఏటికి ఎదురెక్కిన సముద్రం."

వాళ్ల విమానం వెళ్లిపోయింది.
యంత్రం పెట్టెలో పడుకుంది.
ఇవాళ ఎండ పెటపెటలాడుతోంది.
రాత్రంతా చుక్క పడలేదని ఊరందరికీ తెలుసు.
అయినా చెప్పులేసుకుని,
తుంగ దాటి, మూత తీసి,
లోపలికి వంగి చూశాను.
కప్ప ఉంది.

సున్నా రాయాలన్నా
వెళ్లి చూసి రావాలి.