అందించని మాట

శనివారం మధ్యాహ్నం బల్లలన్నీ గోడకి జరిపితే
తొమ్మిదో తరగతి బి సెక్షనే రంగస్థలం.
వన్ టౌన్‌లో మా మునిసిపల్ హైస్కూలు.
కిటికీ ఊచ మీద వేలు పెడితే
హార్బరు బొగ్గు నల్లగా అంటుకునేది.
మీసాలు గీయడానికి అది చాలర్రా అనేది
గేదెల అరుంధతి మేడం.
ఆవిడ చెప్పేది సోషల్.
నాటకం ఆవిడకి ఎవరూ అప్పజెప్పలేదు,
టైం టేబుల్లో డ్రిల్లు పీరియడు పక్కన
తనే పెన్సిల్‌తో రాసుకుంది.

మొదటి నెలంతా డైలాగే లేదు.
నడవమంది.
బరువు తట్ట నెత్తిన పెట్టుకున్నట్టు నడవమంది,
దించాక ఎలా నడుస్తారో అదీ నడవమంది.
సూరాడ ఎల్లాజీ దించాక కూడా
మెడ బిగబట్టే నడిచాడు.
"చూశారా, వీడి మెడ ఇంకా మరిచిపోలేదు" అంది.
మేం నవ్వాం. వాడు నవ్వలేదు.

నాకు నత్తి.
'ప' దగ్గరా 'క' దగ్గరా నాలుక గుమ్మం తట్టుకుంటుంది.
హాజరు పిలిస్తే 'ప్రెజెంట్ మేడం' అనలేక
చెయ్యెత్తేవాణ్ని.
వేషం రాదని తెలిసి చివరి బల్ల మీద కూర్చుంటే
కాగితాల కట్ట నా ఒళ్లో పడేసి
"గుసగుసగా చదువు" అంది.
చదివాను.
గుసగుసలో నత్తి లేదు.
పద్నాలుగేళ్లూ ఆ సంగతి నాకెవరూ చెప్పలేదు.
ఆ రోజు నుంచి నేను తెర పక్క మనిషిని.
అందరి మాటలూ నా దగ్గరుంటాయి,
జారవిడుచుకున్నవాళ్లకి అందిస్తాను.

నాటకం ఆవిడే రాసింది.
తిరిగిరాని బోటు, ఫిషింగ్ హార్బర్లో ఓ ఆఫీసు,
ఒక గుమస్తా, ఒక భార్య.
భార్య మైలపల్లి నూకరత్నం.
"నా భర్త జాడ ఏమైనా తెలిసినదా అయ్యా?"
దాని నోట్లో ఆ వాక్యం
ఉడకని గింజలా అటూ ఇటూ తిరిగింది.
"మీ పేటలో అయితే ఏమంటారే?"
"ఏటీ అనరు మేడం. అలగే కూకుంటారు."
మేడం పెన్ను మూత తీసి
కాసేపు దాని వైపే చూసి
"నా మొగుడి కబురేటైనా తెలిసిందా బాబూ" అని దిద్దింది.

వార్షికోత్సవం.
తెర అంటే రెండు దుప్పట్లు, ఒకటి మా ఇంటిదే.
నాలుగొందల యాభై చేతిలో పడందే
వైరు కలపనన్నాడు మైకువాడు.
రాని అతిథి దండ హెడ్మాస్టారి మెళ్లో పడింది.
గుమస్తా ఎల్లాజీ బొగ్గు మీసం
చెమటకి చుబుకం దాకా దిగింది.
తలెత్తకుండా "ఏం కావాలి?" అన్నాడు.

నూకరత్నం నోరు తెరిచింది.
మూసింది.
స్టూలుండగా కింద కూర్చుంది,
మేడం దగ్గర అరువు తెచ్చిన చీర కొంగు
మోకాళ్ల చుట్టూ లాక్కుని.

మాట నా పెదాల మీదే ఉంది.
నా వేలు ఆ వరస కిందే ఉంది.
అవతలి దుప్పటి సందులోంచి మేడం
చేతులూపుతోంది, అందించు, అందించరా.
మరిచిపోవడానికీ ఆగడానికీ తేడా
మిగతావాళ్లు నేర్చుకోవాలేమో.
నత్తివాడికి ముందే తెలుసు.
నేను అందించలేదు.

రేవులో ఏదో ఓడ కూత వేసింది.
అది కాగితంలో లేదు.
ఎల్లాజీ, పాపం, బదులు చెప్పడానికి మాట లేక
రిజిస్టరు పేజీలు తిప్పాడు,
ఖాళీ పేజీలు, ఒకటి, ఇంకొకటి,
నిజంగానే వెతకడం మొదలెట్టాడు.
అప్పుడు చివరి వరసలోంచి
ఖాళీ చేపల గంప పక్కన పెట్టుకున్న ఎవరి మామ్మో
"లెగమ్మా. సీకటి పడిపోనాది.
రేపొచ్చి అడుగుదాం" అంది.
ఎవరూ నవ్వలేదు.

కుళాయి దగ్గర అడిగాను,
మరిచిపోయావా అని.
"ఏమో" అంది నూకరత్నం, కాళ్లు కడుక్కుంటూ.

మేడం నన్నడిగింది, ఎందుకు అందించలేదని.
'కావాలనే' అనాలి.
'క' దగ్గర తలుపు పడిపోయింది.
పిల్లలు బల్లలు మళ్లీ వరసకి లాగుతున్నారు,
మైకువాడు వైరు చుట్టుకుంటున్నాడు,
ఆవిడ చేతులు కట్టుకుని నిలబడింది.
ఆవిడకి ఆ మాట తెలుసు.
అందించలేదు.