ఆఖరిసారి చూసిన తేదీ

కజలీ దాటాక, సిర్ దర్యా ఒడ్డున
ఉల్బోసిన్ అవ్వ గిన్నెలో టీ పోసింది.
సగమే.
నిండా పోస్తే ఇక లేచి వెళ్ళమని అర్థమట.

ఫారం తీశాను. పదిహేడో గడి:
ఆ చేపని ఆఖరిసారి ఎప్పుడు చూశారు?

"రాకెట్టు పైకి లేస్తే గుర్రాలు పలుపులు తెంచుకున్న రాత్రి,
మా ముసలాయన వలలో.
జానెడు ఒళ్ళు, పారలాంటి మూతి,
తోక మాత్రం కొరడా.
తినడానికేముంది అందులో, వదిలేశాడు."

ఏ సంవత్సరం?
వేళ్ళు మడిచింది, విప్పింది,
పెద్దాడికి పాలపళ్ళు ఊడిన ఏడుతో ముడేసి చూసింది.
గడిలో నాలుగంకెలకే చోటు.
ప్రశ్నార్థకం పెట్టాను.

ఎక్కడో ఒక బల్ల చుట్టూ పన్నెండుమంది కూర్చుని
దీన్ని చూసే తేలుస్తారు
ఉందో, లేదో.

"లేదంటే?"
వెతకడానికిచ్చే డబ్బు ఆగిపోతుంది.
"ఉందంటే?"
వెతకాలి.

పత్తి చేలు తాగగా మిగిలిన నదిని
అవ్వ కాసేపు చూసింది.
"వదిలేశాడని రాశావా?
అది రాయి.
చచ్చిందని ఎవరు చూశారు?"

ఆ మాటకి గడి లేదు.
కాగితం అంచున, అడ్డంగా తిప్పి రాశాను.

అవ్వ ఈసారి
గిన్నె నిండా పోసింది.