పన్నెండో కొక్కెం

ఐర్యా పగలంతా తుర్కు ఓడల యార్డులో
గాలి గొట్టాల నక్షాలు గీస్తుంది.
రాత్రి అదే పెన్సిల్‌తో
ఎక్కడా లేని ఓడకి అంతస్తులు కడుతుంది.

గడి ఒకటికి మీటరున్నర.
పడక పొడుగూ, తలుపు తెరుచుకునే వైపూ,
మరుగుదొడ్డి కూడా మరిచిపోదు.
"చుక్కల మధ్యయినా కడుపు కడుపేగా" అంటుంది.

గురువారం. బయట మంచువాన.
బల్ల మీద నాలుగు కాగితాలు అతికించిన అంతరిక్ష నౌక,
అందులో మేం: పాత కోటు గుండీలం.
ఎడమకి వెళ్దామన్నాడు టైస్టో.
వద్దన్నాను నేనే.
ఎవరూ బతికి లేరిక్కడ, పేల్చేసి పోదాం.
పాచిక దొర్లి దొర్లి
ఇరవై.
చప్పట్లు కొట్టాం.
ఐర్యా మాత్రం కాగితం మీది రబ్బరు పొట్టు
మెల్లగా ఊదుతూ కూర్చుంది.

మడతపెట్టడానికి సాయం పడుతుంటే కనపడింది,
ఎడమవైపు, మేం తెరవని వంటగది.
వేలిగోరంత పొయ్యి.
గోడకి పన్నెండు కొక్కేలు,
పదకొండు కప్పులు.

"ఇదెక్కడ?"
ఖాళీ కొక్కెం మీద వేలు పెట్టి అడిగాను.

లాంతరు రంగు కోటు తొడుక్కుంటూ,
నా వైపు చూడకుండానే,
"ఎవరో కాఫీ తాగుతున్నారప్పుడు" అంది.