వచ్చిన పని

మేం చూడ్డానికి రాలేదు.
యూనివర్సిటీ మ్యూజియంలో చోకు పోయిందని ఫోనొస్తే
లాడ్జి సెంటర్లో రెండు ట్యూబులు కొని
చెంచయ్య భుజానికి నిచ్చెన తగిలించి
మంగళగిరి రోడ్డు ఎండలో బండి మీద వచ్చాం.

ఆంత్రొపాలజీ అన్న మాటని
వాచ్‌మన్ ఏసోబు మూడు ముక్కలుగా విరిచి పలికాడు.
"మనుషుల గురించి చదువు లెండి" అని సర్దేసి
చెప్పులు విప్పమన్నాడు.
గుడీ కాదు, మసీదూ కాదు.
అయినా విప్పాం.

లోపల కలరా ఉండల వాసన.
మంచుదేశపు వేటగాళ్ళ ఎముక కళ్ళజోడు:
రెండు సన్నటి చీలికలు, అంతే.
మే నెలలో గుంటూరుకీ పనికొచ్చేదే.
ఆఫ్రికా నుంచి వచ్చిన కొయ్యమొహం ఒకటి
నోరు తెరిచి మా నిచ్చెన వంక చూస్తోంది.
బాకీ అడిగినప్పుడు మా మేనత్త మొహం
అచ్చం అదే.

నాలుగో నంబరు బీరువా దగ్గర
నేను పైన స్క్రూలు విప్పుతుంటే
కింద నిచ్చెన పట్టుకోవాల్సిన చెంచయ్య
పట్టు వదిలేశాడు.
ఒక్క ఊపు ఊగాను.
"ఏరా!"
వాడు పలకలేదు.

అద్దం వెనక మట్టికుండ.
దాని ముందు అట్టముక్క:
ధూపపాత్ర. పూజాసామగ్రి.
యానాదులు, గుంటూరు జిల్లా.

"పూజేందన్నా," అన్నాడు వాడు,
"ఇది ఎలకల కుండ."

ఆ తర్వాత వాడు మాట్లాడినంత
రెండేళ్ళలో నా దగ్గర మాట్లాడి ఎరగడు.
కుండ నిండా వరిగడ్డి కుక్కి, నిప్పు పెట్టి
మూతి కలుగుకి ఆనించి చుట్టూ బురద మెత్తి
అడుగున బెజ్జంలోంచి ఊదాలంట.
నోటితో.
దమ్ము ఆగకూడదు.
పొగ మట్టిలోపల నడిచి నడిచి
ఏ గట్టు అవతలో పైకి తేలుతుందంట.
అక్కడ వాళ్ళమ్మ వల పరుచుక్కూచునేదంట.
తోకకింత అని రైతు లెక్కగట్టేవాడంట.
కలుగు తవ్వితే ఎలకలు దాచుకున్న వడ్లు,
ఒక్కోసారి కుంచెడు కూడా.
"ఆ బియ్యం తియ్యగుంటయ్యన్నా."
వాళ్ళ నాన్న పైపెదవి మీద
మీసం మొలవని చోటొకటి ఉండేదంట.
చూపించడానికి
తన పెదవే పట్టుకున్నాడు వాడు.

బీరువాలో కుండ బెజ్జం
గోడవైపుకి తిప్పి ఉంది.

ట్యూబు మార్చాలంటే అద్దం తియ్యాలి.
తీశాం.
ఏసోబు టీకి వెళ్ళాడు.
హైమావతి మేడం వరండాలో ఫోన్లో ఉన్నారు.
నేను నిచ్చెన మీద, మొహం పైకెత్తి.
చెక్క మీద మట్టి జరిగిన చప్పుడు
విన్నాను.
చోకు బిగిస్తూనే ఉన్నాను.

స్విచ్ వేస్తే
రెండుసార్లు మినుక్కుమని, కాసేపు ఆలోచించి, వెలిగింది.
బెజ్జం ఇటు తిరిగి ఉంది.
దాని అంచు నున్నగా అరిగిపోయింది,
ఎవరి మూతి ఆనిందో.

మేడం వచ్చి చూసి
"ఇప్పుడు అన్నీ బాగా కనిపిస్తున్నాయి" అన్నారు.
అట్టముక్క సంగతి చెబుదామని
గొంతు సవరించుకున్నాను.
చెంచయ్య వెనక నుంచి నా చొక్కా లాగాడు.
ఎందుకని ఇప్పటికీ అడగలేదు.

గుమ్మం దగ్గర రిజిస్టరు.
పేరు, ఊరు, వచ్చిన పని, అభిప్రాయం.
పని దగ్గర ట్యూబులైటు అని రాశాను.
అభిప్రాయం దగ్గర అడ్డగీత.
వాడు పెన్ను పట్టుకుని చాలాసేపు నిలబడి
పేరొక్కటే రాశాడు, కూడబలుక్కుంటూ.
కాగితం మీద వాడి వేలు ఆనినచోట మసి.
ఆ కుండలో నిప్పు పడి ఎన్నేళ్ళయిందో,
ఇంకా అంటుకుంటోంది.

తిరిగొస్తూ మిర్చి లారీ వెనక పడి
ఇద్దరం తుమ్ముకుంటూనే ఊళ్ళోకొచ్చాం.

రాత్రి బిల్లు రాశాను.
ట్యూబులు రెండు, చోకు ఒకటి,
రానూపోనూ పెట్రోలు, ఇద్దరి కూలి.
కుండ తిప్పినందుకు
ఏమీ వెయ్యలేదు.