వాన గడి

వ్యాసర్పాడి మైదానంలో గడ్డి లేదు.
గోల్‌పోస్టుకు వల లేదు.
నా దగ్గర మాత్రం ఆకుపచ్చ అట్ట లాంగ్‌నోట్‌బుక్కు ఉంది,
గళ్ళు నేనే స్కేలుతో కొట్టుకున్నవి.
ఆరు రోజులు బీమా ఆఫీసులో
జనం ఏ వయసుకి పోతారో లెక్కగడతాను.
ఏడో రోజు ఇక్కడ
బంతి ఎటు పోతుందో.

"ఏంటక్కా, కాకిలెక్కలా?" అంటాడు గోలీ యేసుపాదం.
కాకులే నయం.
పోస్టు మీద కూర్చుని ఆటంతా చూస్తాయి.
మనుషులు గోలొక్కటే చూస్తారు.

ఇరవై గజాల నుంచి కొట్టిన బంతి
పాతికసార్లకి ఒకసారి లోపలికెళ్తుంది.
పెనాల్టీ, నాలుగింటికి మూడు.
మిగతాదంతా కేకలు.
ఈ మాట చెప్తే కోచ్ అమలదాసు
బీడీ ఆర్పి మళ్ళీ వెలిగించాడు.
"దూరం నుంచి కొట్టొద్దంటావా?"
"కొట్టనీ. కొట్టిన ప్రతిసారీ
పక్కనున్నవాడికి ఇవ్వని పాసు ఒకటి ఖర్చయిందని చెప్పు."

ఎడమ బ్యాక్ దిల్లీబాబు వరసలో అన్నీ సున్నాలు.
లాక్కున్న బంతులు ఆటకి రెండో, ఒకటో.
పుస్తకం ప్రకారం వాడు మైదానంలో లేనట్టే.
మూడు నెలలు నేనూ అలాగే అనుకున్నాను.
ఒక రాత్రి కరెంటు పోయినప్పుడు, ఊరికే,
అవతలి జట్ల వరసలు కొవ్వొత్తి కింద తిరగేశాను.
వచ్చిన దాడులన్నీ మన కుడివైపు నుంచే.
వాడు నిలబడ్డ వైపుకి ఎవడూ రావడం లేదు.
జరగనిదానికి
నేను గడి గీయలేదు.

నవంబర్లో ఇంకో గడి కలిపాను: వాన.
తడిసిన ఆటలు తొమ్మిది, ఓడినవి ఏడు.
బురద అనుకున్నాను.
అరిగిన బూట్లనుకున్నాను.
ఇంటింటికీ తిరిగి చందాలడిగి
పెరియమేట్లో పదకొండు జతలు,
జత ఆరువందల యాభై, బేరమాడి కొన్నాను.
పదో వానలో
కొత్త బూట్లతో ఓడిపోయాం.

ఆ సాయంత్రం గణేశపురం సబ్‌వేలో నీళ్ళు నిండి
మా బస్సు ఆగిపోయింది.
కిటికీలోంచి చూస్తే, మోకాళ్ళలోతులో
బైకు తోసుకుంటూ ఒకడు,
వీపు మీద చదరపు సంచి, సంచి మీద చినుకులు.
ఎడమకాలు ముందు, నడుము వంపు:
ఆ నిలబడే తీరు నేను నలభై ఆటల్లో చూశాను.

"ఒళ్ళు బాలేదని కబురు పంపావుగా?"
"వానొస్తే ఆర్డరుకి ముప్ఫై ఎక్కువక్కా.
ఇవాళ ఇరవైరెండు ఆర్డర్లు."
ఆడితే ఏమొస్తుందో వాడు చెప్పలేదు, నాకు తెలుసు.
రెండు అరటిపళ్ళు, గ్లూకోజు నీళ్ళు.

వాన రాకడ ఎవరికీ తెలీదంటారు.
వాడి ఫోనుకి తెలుసు.

బస్సులోనే పుస్తకం తెరిచాను.
వానకీ ఓటమికీ మధ్య నిటారుగా గీసిన గీత మీద
బురద లేదు, బూట్లు లేవు,
ఒక మనిషి బండి తోసుకుంటూ వెళ్తున్నాడు.
ఇరవైరెండు ముప్ఫైలు, ఆరువందల అరవై.
మార్జిన్లో రాశాను.
బూట్ల డబ్బుతో పది వానలు కొనుండొచ్చు.
ఐదువందల యాభై మిగిలేది కూడా.

అమలదాసుకి లెక్క చూపించాను.
చాలాసేపు చూశాడు.
"చందా మళ్ళీ అడిగితే తంతారు" అన్నాడు.

ఆదివారం మబ్బు.
దిల్లీబాబు లైను దగ్గర కూర్చుని
లేసులు కట్టుకుంటున్నాడు, కళ్ళు ఆకాశంలో.
ఫోను నా ఒళ్ళో పడేసి
"మోగితే పిలువక్కా, వెళ్ళిపోతాను" అన్నాడు.

ముప్ఫైరెండో నిమిషంలో పుస్తకం మీద
మొదటి చినుకు పడింది.
అవతలి రైట్ వింగ్ కుర్రాడు వాడి వైపు చూసి,
బంతిని వెనక్కి తన్నేశాడు.
ఫోను మోగింది.

నేను పెన్సిలు చెక్కుకుంటున్నాను,
చాలా నెమ్మదిగా.