మందుకొట్టు

పొటోసీ. గని కొండ కింద సంత వీధి. ఇంకా వెలుగు రాలేదు.
నా బల్ల మీద ఎడమవైపు కోకా ఆకు,
కుడివైపు మందుగుండు, దాని వత్తులు,
నడుమ ప్లాస్టిక్ సీసాల్లో మందు.
తొంభై ఆరు పాళ్ళు ఆల్కహాలు, నాలుగు పాళ్ళు నీళ్ళు.
అగ్గిపుల్ల అవతల గీసుకోండి నాయనా అని
ముప్పై ఏళ్ళుగా చెబుతూనే ఉన్నాను.

నికనోర్ వచ్చాడు, కొల్కే వాళ్ళ చిన్నోడు.
రబ్బరు బూటు లాగేసి
కాలు తీసుకొచ్చి నా బల్ల అంచున పెట్టాడు.
నాలుగో వేలికీ చిటికెన వేలికీ సందున
నానిన రొట్టెలా తెల్లగా విచ్చుకున్న తోలు.
"ఫ్రుక్తువోసా అక్కా, ఇది పోస్తే చస్తుందా?"

తామర నీళ్ళలోనే కదా పూస్తుంది.
గనిలో మోకాలి లోతు నీళ్ళు,
బూటు నిండా చెమట, పన్నెండు గంటల చీకటి.
ఇంతకన్నా మంచి కొలను దానికెక్కడ దొరుకుతుంది?

అవునంటే సీసా అమ్ముడుపోతుంది.
ఆ మాట నాలుక చివరిదాకా వచ్చింది కూడా.

మా ఎలెవుతేరియో అట్లాగే పోసుకునేవాడు,
రాత్రిపూట, చొక్కా కాలరు పళ్ళతో కరిచిపట్టి.
మండుతోందంటే పనిచేస్తోందనే అనుకున్నాడు.
మంటకీ మందుకీ తేడా చెప్పని ఇంట్లో పెరిగినవాడు.
నేనే పోసేదాన్ని. నా చేత్తోనే.
ఈ ఎత్తు గాలికి అది
అయ్యో అనేలోపు ఆవిరైపోయేది.
తోలు ఎండింది, బీటలు వారింది,
బీటల్లోంచి తామర ఇంకాస్త లోపలికి నడిచింది.
చీలమండ ఎర్రగా పొంగినరోజు
ఆసుపత్రికి ఈడ్చుకెళ్ళాను.

నర్సు జెనోవేవా కేకలేసింది, ముందు నన్ను.
తరవాత కూచోబెట్టి చెప్పింది:
"కత్తెర మీద ఉన్నదాన్ని చంపుతుంది, గాజు మీద ఉన్నదాన్ని చంపుతుంది.
ఇది తోలు మీద కూచోలేదమ్మా.
తోల్లోనే కాపురం పెట్టింది, తోలునే తింటోంది.
నువ్వు తలుపు మీద పోస్తున్నావు."
ఇంకోటి కూడా చెప్పింది, అది నాకు గుచ్చుకుంది:
తొంభై ఆరు కన్నా డెబ్బై మేలట.
నీళ్ళు కలవకపోతే
ఆల్కహాలుకి కూడా లోపలికి దారి సరిగా దొరకదట.
నీళ్ళు కలపనిదాన్నని
వీధంతా చెప్పుకు తిరిగినదాన్ని నేను.

చిటికెన వేలంత ట్యూబు ఇచ్చింది. నాలుగు సీసాల ఖరీదు.
పూటకోసారి, నాలుగు వారాలు.
దురద పోయాక కూడా మానొద్దంది.
ఐదోరోజుకి దురద పోయింది, ఆయన మానేశాడు.
మళ్ళీ వచ్చింది. మళ్ళీ ఈడ్చుకెళ్ళాను, మళ్ళీ కేకలు.
రెండోసారి ట్యూబు నా జాకెట్లో దాచి
నేనే రాశాను, కాలు ఒళ్ళో పెట్టుకుని.

పోయేనాటికి ఆయన పాదాలు
పసివాడి పాదాల్లా ఉన్నాయి.
పోయింది ఊపిరితిత్తుల్లో దుమ్ముతో.

ఇదంతా నికనోర్‌కి చెప్పలేదు.
"చావదు" అన్నాను. "ట్యూబు కొనుక్కో. కాళ్ళు ఆరబెట్టుకో.
పుండు ఎర్రబడితే ఆసుపత్రికి పో."
నవ్వాడు. "మరి లోపలికి తాగితే?"
"తాగితే నీకు కాలు గుర్తుండదు.
కాలికి నువ్వు గుర్తుంటావు."

అయినా ఒక సీసా కొన్నాడు.
శుక్రవారం కదా, టీయోకి పోయాలి.
కొండ లోపల కొమ్ములతో కూచున్న మట్టి సామికి
తామర ఉందో లేదో ఎవరూ అడగలేదు.

చిల్లరతోపాటు ఒక జత ఉన్ని మేజోళ్ళు చేతిలో పెట్టాను.
"మధ్యాన్నం మార్చుకో. తడివి మెడలో వేసుకో, సిగ్గేం లేదు."
అవి ఎవరివో అడగలేదు వాడు. సైజు సరిపోయింది.

వాడు మలుపు తిరిగాక చూస్తే
బల్ల అంచున తడి పాదం ముద్ర,
ఐదు వేళ్ళూ స్పష్టంగా.
సీసాలో నాలుగు చుక్కల నీళ్ళు కలిపి
పోసి, తుడిచాను.

బల్లకి పనిచేస్తుంది.